15 ఏళ్లు నిండిన కారుకు ఆర్‌సీ రెన్యువల్ ఎలా చేయించాలి?

తెల్ల నంబర్ ప్లేటున్న సొంత కారుకు మొదటి 15 ఏళ్లు ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు. ట్యాక్సీ అయితే 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చూపించాలి. ఇన్నేళ్లూ ఆర్‌టీఓ మొహం చూడని అలవాటు వల్లే, ఆర్‌సీ గడువు దాటిపోయిన సంగతి చాలామందికి కారు అమ్ముకునేటప్పుడు గానీ తెలియదు. ఇంకో అపోహ, 15 ఏళ్లు దాటితే కారు తుక్కుకే అని. ఆ కట్టడి ఢిల్లీ చుట్టుపక్కలది. మన రెండు రాష్ట్రాల్లో బండి బాగుంటే అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయిస్తూ నడుపుకోవచ్చు.

1. తేదీ చూసుకోండి

ఆర్‌సీ మీద గడువు తేదీ ఉంటుంది. కారు మీ చేతికి ఎప్పుడొచ్చిందన్నది లెక్కలోకి రాదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, వేరే రాష్ట్రం నుంచి తెచ్చి నంబర్ మార్చుకున్నా మొదటి రిజిస్ట్రేషన్ నుంచే 15 ఏళ్లు. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. దాటితే నెలకు 500 రూపాయల చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. గడువు తీరిన ఆర్‌సీతో రోడ్డెక్కి దొరికితే జరిమానా వేరే.

2. కాగితాలు సిద్ధం చేసుకోండి

ఫారం 25, ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్, పాన్. పాత లోన్ ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోయిందేమో చూడండి. ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే లేఖ), ఫారం 35 ఇచ్చి ఆ పేరు కూడా తీయించేయండి. చలాన్లుంటే ముందే కట్టేయడం మంచిది.

పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర చాలామంది పొరబడతారు. దీనికి మినహాయింపు కొత్త కారుకు మొదటి ఏడాది మాత్రమే. తర్వాత బీఎస్-4, బీఎస్-6 (బీఎస్ అంటే బండి పొగకు ప్రభుత్వం పెట్టిన కాలుష్య ప్రమాణం) కార్లకు ఏటా, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలకోసారి తీసుకోవాలి. బీఎస్-4 హైదరాబాద్‌లో 2010 ఏప్రిల్‌లోనే వచ్చింది, దేశమంతటా వచ్చేసరికి 2017 అయింది. కాబట్టి 2011లో హైదరాబాద్‌లో కొన్న కారు బీఎస్-4 అయితే, అదే ఏడాది ఇంకో ఊళ్లో కొన్నది బీఎస్-3 కావచ్చు. ఎలక్ట్రిక్ కారుకు ఈ గొడవే లేదు. వాటికి ఆర్‌సీ రెన్యువల్ ఫీజు కూడా 2021లో కేంద్రం ఎత్తేసింది.

3. ఫీజు కట్టి స్లాట్ తీసుకోండి

రవాణా శాఖ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయాలి. 2022 ఏప్రిల్‌కు ముందు 600 ఉన్న కారు రెన్యువల్ ఫీజు ఇప్పుడు 5,000. 20 ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి 10,000. దీని మీద పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్, సర్వీస్ చార్జీలు అదనం. ఏజెంట్ లేకపోతే పని కాదంటారు కానీ, ఓపికగా కూర్చుంటే ఇది మీరే చేసుకోగలిగిన పనే.

4. బండిని చూపించండి

ఇన్‌స్పెక్టర్ లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్లు, బ్రేకులు, టైర్లు చూస్తారు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మా నాన్న కారును తీసుకెళ్లినప్పుడు అన్నీ సరిచేసుకున్నాననే ధీమాతో వెళ్లాను. తీరా వెనక నంబర్ ప్లేటు మీది చిన్న బల్బు వెలగలేదు. దగ్గర్లోని ఎలక్ట్రీషియన్ దగ్గర అది మార్పించుకుని మళ్లీ లైన్లో నిలబడేసరికి మధ్యాహ్నమైంది.

చాసిస్ నంబర్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. పాత కార్లలో ఇంజిన్ వెనక రేకు మీద నంబర్ జిడ్డు పట్టిపోయి ఉంటుంది. ముందు రోజే కిరోసిన్ గుడ్డతో తుడవండి. అక్కడ దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దుతారు, అంకెలు ఒక్కొక్కటీ తెల్లగా తేలతాయి. తుప్పు తినేసి అంకెలు తేలకపోతే పని అక్కడే ఆగిపోతుంది. ఆ భాగంలో టింకరింగ్ చేయించిన కార్లకు ఈ చిక్కు ఎక్కువ. దరఖాస్తు పెట్టకముందే ఒకసారి మీరే రుద్ది చూసుకుంటే టెన్షన్ ఉండదు.

5. కొత్త ఆర్‌సీ వచ్చాక

పేరు, చాసిస్ నంబర్, కొత్త గడువు సరిపోయాయో లేదో కార్డు అందిన రోజే చూసుకోండి. తప్పుంటే వెంటనే ఆఫీసులో చెప్పండి. గడువు అయిదేళ్లే కాబట్టి, దానికి రెండు నెలల ముందు తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టేసుకోండి.