రెండు నెలలు పడుకున్న బోటు ఇంజిన్ లేవనంటే

ఔట్‌బోర్డ్ ఇంజిన్‌తో (పడవ వెనక బయట తగిలించేది) వచ్చే పుస్తకాల్లో చలికాలం జాగ్రత్తలని పేజీలకు పేజీలు ఉంటాయి. లోపల మిగిలిన నీళ్లు గడ్డకట్టి బ్లాకు పగులుతుందని వాళ్ల భయం. మన తడ, సూళ్లూరుపేట వైపు అంత చలి ఎక్కడిది? ఇక్కడ ఇంజిన్ పడుకునేది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, సముద్రంలో వేట ఆపే 61 రోజులు. ఉప్పు, ఉక్క, పాత పెట్రోలు, ఈ మూడే మన శత్రువులు.

తాడు ఎంత లాగినా స్టార్ట్ కావట్లేదు

పదిలో ఎనిమిదిసార్లు తప్పు పెట్రోలుదే. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కి దిగుతుంది. కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలేమో ఆవిరై, జిగురుగా మారి జెట్‌ని, అంటే పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాన్ని, మూసేస్తుంది. ఒక ఏడాది నేను బద్ధకించి అలాగే వదిలేశాను. జూన్‌లో గిన్నె విప్పితే అడుగున తుమ్మబంకలాంటి పొర, గోటితో గీకితే గానీ రాలేదు.

పాత పెట్రోలు మొత్తం వంచేయండి. జెట్ విప్పి కార్బొరేటర్ క్లీనర్ కొట్టి గాలి పట్టండి. తీగ పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఇంజిన్ పెట్రోలు తాగుతుంది. ప్లగ్ కూడా మార్చేయండి, దాని ఖరీదెంతని!

వచ్చే ఏడు ఈ తిప్పలు వద్దనుకుంటే, చివరి వేట రోజునే ఇంజిన్‌ని మంచినీళ్ల డ్రమ్ములో పెట్టి పది నిమిషాలు నడపండి, లోపలి ఉప్పు కడిగేసుకుపోతుంది. తర్వాత పెట్రోలు పైపు పీకేసి, దానంతటది ఆగేదాకా వదిలేయండి. ఇది కార్బొరేటర్ ఇంజిన్లకే. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటే ఎండగట్టకూడదు, పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ ట్యాంకులో పోసి నడపాలి.

స్టార్ట్ అయింది, వెనక నీటి ధార రావట్లేదు

వెంటనే ఆపండి, ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు తిరగట్లేదేమో. ముందు ధార వచ్చే రంధ్రంలో సన్నతీగ పెట్టి చూడండి, ఒక్కోసారి ఉప్పు పేరుకుని ఉంటుంది. అది కాకపోతే ఇంపెల్లరే, అంటే పంపులో నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం. పులికాట్ సరస్సులో లోతు తక్కువ, బురద కలిసిన నీళ్లే పంపులోకి పోతాయి, రబ్బరు రెక్కలు అరిగిపోతాయి. పైగా నెలల తరబడి కదలకుండా ఉంటే రెక్కలన్నీ ఒకే పక్కకి వాలి అలాగే బిగుసుకుంటాయి. విప్పి కొత్తది వేయడమే. నీళ్లు లేకుండా "ఒక్క నిమిషం చూద్దాం" అని గట్టు మీద స్టార్ట్ చేసేవాళ్లున్నారు. కొత్త రబ్బరు మాడిపోవడానికి ఆ నిమిషం కూడా అక్కర్లేదు.

తాడే కదలట్లేదు

సిలిండర్‌లో తుప్పు పట్టి పిస్టన్ పట్టేసింది. ప్లగ్ తీసి రెండు చెంచాల టూస్ట్రోక్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి, పొద్దున మెల్లగా లాగండి. బలం చూపిస్తే తాడు తెగుతుంది. పడుకోబెట్టే ముందే చెంచాడు ఆయిల్ పోసి రెండుసార్లు మెల్లగా తాడు లాగి ఉంటే ఈ గొడవే ఉండదు.

గేరాయిల్ పాలు కలిపిన టీలా ఉంది

నీళ్లు దిగాయి. ప్రొపెల్లర్ విప్పితే ఇరుసుకి వల దారం చుట్టుకుని కనబడుతుంది, నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలును కోసింది అదే. సీలు మార్చి, కింది రంధ్రం నుంచి కొత్త ఆయిల్ ఎక్కించండి, పై రంధ్రంలోంచి పొంగేదాకా. ముందు పై స్క్రూ బిగించి ఆ తర్వాతే కింది ట్యూబు తీయాలి. ఈ పని జూన్ దాకా ఆపకండి, ఏప్రిల్‌లోనే చేయండి. నీళ్లు రెండు నెలలు లోపలే ఉంటే గేర్లు తుప్పు పడతాయి.