కారు ఒక పక్కకు లాగుతోందా? ముందు టైరు లోపల అరుగుతోందా? పానా పట్టే ముందు ఇవి చూడండి

కారు కొంచెం పక్కకు పోతే చాలు, "అలైన్‌మెంట్ పోయింది" అనేస్తాం, అంటే చక్రాలు ఉండాల్సిన కోణాలు తప్పాయని. మా వరంగల్ చుట్టుపక్కల ఆ అనుమానం రావడం సహజమే. భూపాలపల్లి బొగ్గు లారీలు, కరీంనగర్ గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో ఒక్క వానాకాలం దాటేసరికి ఎన్ని గుంతలు పడతాయో మనకు తెలుసు. అయినా అన్ని లక్షణాలకూ మూలం అలైన్‌మెంట్ కాదు.

మా చిన్న కారు ఎడమ ముందు టైరు ఒకసారి లోపలి అంచు వైరు తేలేదాకా అరిగింది. అంతకుముందు నాలుగు నెలల్లో రెండుసార్లు మిషన్ మీద అలైన్‌మెంట్ చేయించాం. అసలు తప్పు టై రాడ్ ఎండ్‌ది (స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పే రాడ్డే టై రాడ్, దాని చివరి కీలు ఇది), అది వదులైపోయింది. అలాంటప్పుడు ఎంత సరిచేసినా మొదటి గుంతకే మళ్లీ మారిపోతుంది. ఆ టైరుతోనే పిల్లల్ని ఎక్కించుకుని మేడారం వెళ్లొచ్చామని తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

లక్షణం: స్టీరింగ్ పట్టు వదిలితే కారు ఒక పక్కకు పోతోంది

మెల్లగా ఎడమకు పోతుంటే అది రోడ్డు వాలు కావచ్చు. నీళ్లు పోవడానికి అంచు పల్లంగా వేస్తారు కదా. గట్టిగా లాగుతుంటే పొద్దున్నే, కారు కదలకముందు గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. గాలి సరిగ్గానే ఉంటే ముందు టైర్లను అటుదిటు మార్చండి (టైరు మీద తిరిగే దిక్కు బాణం ఉంటే మార్చకూడదు). లాగడం కూడా రెండో పక్కకు మారితే తప్పు టైరుదే. మారకపోతే కొంత దూరం నడిపి ఆపి, రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మాత్రమే బాగా కాలుతుంటే ఆ చక్రానికి బ్రేకు పట్టేస్తోంది.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడాన్ని టో అంటారు. టో తప్పితే టైర్లు అరుగుతాయి, స్టీరింగ్ వంకర అవుతుంది కానీ, కారు పక్కకు లాగడం అరుదు. నడిచేటప్పుడు ఆ తేడాను రెండు చక్రాలూ సమంగా పంచుకుంటాయి. గాలి, టైర్లు, బ్రేకులు బాగున్నా లాగుతుంటే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలడం), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత వాలు) చూడాలి. చాలా చిన్న కార్లలో వాటిని ఇంట్లో సరిచేసే వీలుండదు, మిషన్ దగ్గరికే వెళ్లాలి.

లక్షణం: టైరు ఒక అంచున అరుగుతోంది

రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడిమి అరిగితే గాలి ఎక్కువ. రెండు ముందు టైర్లకూ లోపలి అంచులే అరిగితే టో బయటికి ఉండొచ్చు, బయటి అంచులైతే టో లోపలికి ఎక్కువై ఉండొచ్చు. ఒక్క టైరుకే అయితే ఆ పక్క ఏదో వంగిందో, వదులైందో అనుకోండి.

వదులు కనిపెట్టడానికి చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి ఎప్పుడూ వెళ్లొద్దు. చక్రాన్ని కుడి ఎడమల పట్టుకుని ఊపండి. టకటకమంటే టై రాడ్ ఎండ్ అనుమానించాలి. పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలిందా, బేరింగో బాల్ జాయింటో (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండ్రటి కీలు) పోయినట్టు. ముందు అవి మార్చాకే మిగతా పని.

లక్షణం: తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా ఉంది

వదులేమీ లేకపోతే ఇది టై రాడ్ల పనే, ఇంట్లో చేసుకోవచ్చు. చదునైన నేల కావాలి. మన ఇళ్ల ముందు ర్యాంపు పనికిరాదు, షాబాద్ బండలు పరిచిన వాకిలి అయినా రసమట్టం పెట్టి చూసుకోండి. కారును నాలుగడుగులు ముందుకు నడిపి ఆపండి, స్టీరింగ్ తిన్నగా పెట్టి తాడుతో సీటుకు కట్టేయండి.

మేస్త్రీలు వాడే నైలాన్ దారాన్ని చక్రాల నడిమి ఎత్తులో కారుకు రెండు పక్కలా స్టూళ్ల మీద లాగి కట్టండి. వెనక చక్రాల నడిమి నుంచి దారం రెండు పక్కలా ఒకే దూరంలో ఉండాలి, ముందు చక్రాల దగ్గర కూడా అంతే. దారాల మధ్య దూరం ముందూ వెనకా ఒకటే అయ్యేదాకా సర్దండి. ఓపిక అంతా ఇక్కడే చూపించాలి, దారం తప్పితే కొలతలన్నీ తప్పే. ఇప్పుడు దారం నుంచి ముందు రిమ్ము ముందంచుకు, వెనకంచుకు కొలవండి. ముందంచు దూరం ఎక్కువైతే చక్రం లోపలికి తిరిగి ఉన్నట్టు. ఏదైనా విప్పే ముందు నాలుగు కొలతలూ కాగితం మీద రాసుకోండి.

టై రాడ్ లాక్ నట్ (రాడ్ దానంతట అది తిరగకుండా పట్టే నట్) వదులు చేయండి. రబ్బరు బూటు క్లిప్పు కూడా తీయాలి, లేకపోతే రాడ్‌తో పాటు బూటు మెలిపడి చిరుగుతుంది. స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పితే టై రాడ్లను అటూ ఇటూ జరిపే అడ్డ కడ్డీ) చక్రాల నడిమికి వెనక ఉన్న కార్లలో రాడ్ పొడవు పెంచితే చక్రం ముందంచు లోపలికి వస్తుంది, తగ్గిస్తే బయటికి పోతుంది. రాక్ ముందుంటే దీనికి తిరగేసి. పొడవు మార్చాలంటే రాడ్‌ను తిప్పాలి. చిన్న కార్లలో పావు చుట్టుకు రిమ్ము దగ్గర సుమారు 1 మి.మీ. మారుతుంది. అందుకే ఒకసారికి పావు చుట్టు మించొద్దు. తిప్పాక కారును కాస్త వెనక్కీ ముందుకీ నడిపి, అప్పుడే మళ్లీ కొలవాలి. నిలబడ్డ చోటే కొలిస్తే టైరు బిగువు మోసం చేస్తుంది.

స్టీరింగ్ కుడికి వాలి ఉంటే, రాక్ వెనక ఉన్న కార్లో కుడి రాడ్ తగ్గించి, ఎడమది అంతే పెంచాలి. రెండూ సమంగా మారితే టో చెడదు. టో ఎంత ఉండాలన్నది మీ కారు మాన్యువల్ ప్రకారమే.

కొలత కుదిరాక టై రాడ్ ఎండ్ తిరగకుండా పట్టుకుని లాక్ నట్ గట్టిగా బిగించండి, క్లిప్పు పెట్టండి. మొదట ఖాళీ వీధిలో 30 వేగంలో నడపండి, బ్రేకు కొట్టి చూడండి. 500 కిలోమీటర్లు తిరిగాక ముందు టైర్ల మీద అడ్డంగా చెయ్యి రాయండి. రంపం పళ్లలా గరుకుగా తగిలితే టో ఇంకా కుదరలేదు, దారం మళ్లీ తీయాల్సిందే.