గేట్ పరీక్ష హాల్లో కంగారు పుడితే ఏం చేయాలి?

ఏడాదంతా చదివి, తీరా కంప్యూటర్ ముందు కూర్చున్న పది నిమిషాలకే బుర్ర మొద్దుబారిపోయిందని బాధపడేవాళ్లు ప్రతి ఫిబ్రవరిలోనూ కనిపిస్తారు. చాలాసార్లు అసలు కారణం సిలబస్‌లో ఉండదు. గుర్తింపు కార్డులో పేరు తేడా, ఊరి చివర సెంటర్, అలవాటు లేని క్యాలిక్యులేటర్, సేవ్ కాని జవాబు... పులి మీద పుట్రలా ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. "ధైర్యంగా రాయి నాన్నా" అని ఇంట్లో ఎంత చెప్పినా ఆ చిక్కులు విడిపోవు. వాటిని ఒక్కొక్కటిగా ముందే విప్పుకోవాలి. ఎంటెక్ వంటి పీజీ ఇంజనీరింగ్ సీట్ల కోసం రాసే గేట్‌కు విశాఖలో హాజరయ్యేవారికి ఆ పనులు వరసగా ఇవి. ఐసెట్ (ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు), పీజీసెట్ (ఎంఏ, ఎంఎస్సీ వంటి కోర్సులకు) రాసేవారికి తేడా ఉన్నచోట అదీ చెబుతున్నాం.

1. పేరు సంగతి ముందు తేల్చుకోండి

మన దగ్గర ఇంటిపేరుతో వచ్చే తంటా ఇంతా అంతా కాదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, లేదా పేరు చివర చేరుతుంది. దరఖాస్తులో ఇచ్చిన పేరూ, పరీక్ష సెంటర్ గేటు దగ్గర చూపించబోయే కార్డులో పేరూ ఒకేలా ఉన్నాయో లేదో అడ్మిట్ కార్డు వచ్చిన రోజే చూడండి. తేడా ఉంటే పరీక్ష నిర్వహిస్తున్న సంస్థకు అప్పుడే రాయండి. పరీక్ష నాటి ఉదయం గేటు దగ్గర ఉన్నవాళ్లు దాన్ని సరిదిద్దలేరు.

అడ్మిట్ కార్డును ఏ4 కాగితం మీద రెండు ప్రింట్లు తీయించి, ఫొటో, సంతకం మసకబారలేదని చూసుకోండి. గుర్తింపు కార్డు ఒరిజినల్ ఉండాలి, జిరాక్స్ పనికిరాదు. ఒక ప్రింటు, కార్డు, పెన్ను ఒక కవరులో, రెండో ప్రింటు వెంట వచ్చేవారి దగ్గర.

2. సెంటర్ దాకా ఒకసారి వెళ్లి రండి

విశాఖలో కంప్యూటర్ ల్యాబులున్న ఇంజనీరింగ్ కాలేజీలు చాలావరకు నగరం అంచుల్లోనే ఉన్నాయి: సంగివలస, దాకమర్రి, కొమ్మాది, దువ్వాడ. గాజువాకలో ఉండేవారికి సంగివలస పడిందంటే నగరం ఈ కొస నుంచి ఆ కొసకు ప్రయాణమే. మధ్యలో ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక జంక్షన్లు దాటాలి. తగరపువలస వైపు 222 బస్సు ఉంటుంది కానీ అది దిగాక కాలేజీ గేటు దాకా ఇంకో ఆటో ఎక్కాల్సి రావచ్చు. అందుకే మ్యాప్ చూసి సరిపెట్టుకోకండి. గేట్ శని, ఆదివారాల్లో జరుగుతుంది. మీ పరీక్ష శనివారం అయితే ముందు శనివారమే, అదే వేళకు బయల్దేరి వెళ్లి చూడండి. ఆదివారం ఖాళీ రోడ్డు లెక్క శనివారానికి సరిపోదు. పట్టిన సమయానికి ఇంకో ముప్పావుగంట కలుపుకోండి.

విజయనగరం నుంచి వచ్చేవారికి తగరపువలస దారిలోనే తగులుతుంది. సెంటర్ అటువైపు పడితే నగరంలోకి రానక్కర్లేదు. శ్రీకాకుళం అవతలి నుంచి, ఏజెన్సీ నుంచి వచ్చేవారు మాత్రం ఉదయం రైలునో బస్సునో నమ్ముకోకుండా ముందు రాత్రికే చేరుకోవడం మంచిది. ఐసెట్, పీజీసెట్లకు నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. గేట్‌కు కూడా ఎన్నింటికి గేటు మూస్తారో అడ్మిట్ కార్డు మీద ఉంటుంది, దాని కింద గీత గీసుకోండి.

సంపత్ వినాయకుడికి దండం పెట్టుకోవాలనుంటే ముందు రోజు సాయంత్రమే పెట్టుకుని రండి. పరీక్ష ఉదయం ఆసీల్‌మెట్ట దగ్గర ఆగితే దేవుడు ఏమీ అనుకోడు గానీ గడియారం ఊరుకోదు.

3. తెరతో చెలిమి చేయండి

హాల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. పైగా ఇదొక్కటే పూర్తిగా మీ చేతిలో ఉన్నది. గేట్ వెబ్‌సైట్‌లో నమూనా పరీక్ష ఉంటుంది. దాన్ని కనీసం మూడుసార్లు పూర్తిగా, మౌస్‌తోనే రాయండి.

జవాబు ఎంచుకోవడంతో పని అయిపోదు. "సేవ్ అండ్ నెక్స్ట్" నొక్కకుండా కుడివైపు పట్టికలో ఇంకో ప్రశ్న నంబరు మీదికి వెళితే ఎంచుకున్నది పోతుంది. పట్టికలో ఆకుపచ్చ అంటే జవాబు నమోదైనట్టు, ఎరుపు అంటే ప్రశ్న చూసి వదిలేసినట్టు, ఊదా అంటే మళ్లీ చూద్దామని గుర్తు పెట్టుకున్నట్టు. ఊదాలో ఆకుపచ్చ చుక్క ఉంటే జవాబు కూడా నమోదైంది, దాన్ని దిద్దుతారు. చుక్క లేని ఊదాకు మార్కులేమీ రావు. చివరి నిమిషాల్లో చాలామంది పొరబడేది ఈ రెండింటి దగ్గరే.

తెర మీది క్యాలిక్యులేటర్ చేతి క్యాలిక్యులేటర్‌లా పనిచేయదు. సైన్, వర్గమూలం వంటివాటికి ముందు సంఖ్య కొట్టి, తర్వాత ఆ మీట నొక్కాలి. డిగ్రీ, రేడియన్ రెండూ ఉంటాయి. ఒకసారి రేడియన్‌కు మార్చి మరిచిపోతే ఆ తర్వాతి లెక్కలన్నీ గోవిందా. ఇంట్లో చదివేటప్పుడే చేతి క్యాలిక్యులేటర్‌ను బీరువాలో పెట్టేసి, ఆఖరి నెల రోజులు తెర మీదిదే వాడండి. అంకెలు నింపే ప్రశ్నలకు కూడా మౌస్‌తోనే కొట్టాలి. హాల్లో కీబోర్డు జోలికి పోకండి, నొక్కితే తెర లాక్ కావచ్చు.

4. ముందు రాత్రి, ఆ ఉదయం

రాత్రి పన్నెండు దాకా ఫార్ములాలు తిరగేయడం వల్ల కొత్తగా వచ్చేదేమీ ఉండదు. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని పడుకోండి. ఒక్క రాత్రి సరిగా నిద్ర లేనంత మాత్రాన నేర్చుకున్నది ఎగిరిపోదు. ఉదయం పరీక్షయితే రెండు గంటల ముందు మూడు ఇడ్లీలో, కొంచెం ఉప్మానో చాలు. కొత్త హోటల్, కొత్త తిండి, నూనె పూరీ ఆ రోజు వద్దు. కాఫీ రోజూ తాగేంతే తాగండి. రెండోది తాగితే గుండెదడ కాఫీదో భయానిదో మీకే తెలియదు. మధ్యాహ్నం పరీక్షయితే భోజనం సగం కడుపుకే.

తాయెత్తు, ఉంగరం, గొలుసు, మెటల్ బెల్టు ఇంట్లోనే వదిలేయండి. తనిఖీ దగ్గర తీయించారంటే వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక కంగారు మొదలవుతుంది. ల్యాబుల్లో ఏసీ చల్లగా ఉంటుంది, దుస్తుల నిబంధనలు చదివి అనుమతించిన వాటిలో కాస్త మందపాటిది వేసుకోండి.

భయం మరీ ఎక్కువగా ఉంటే ఒక పని చేయండి. పరీక్షకు ముందు పది నిమిషాలు కాగితం మీద మీ భయాలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసేయండి. 2011లో రామిరెజ్, బీలాక్ అనే పరిశోధకులు సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో ఇలా రాసిన ఆందోళనపరులు మెరుగ్గా పరీక్ష రాశారు. లెక్క చేయడానికి వాడాల్సిన జ్ఞాపకశక్తిని దిగులు ఆక్రమిస్తుంది, రాసేస్తే కొంత ఖాళీ అవుతుందన్నది వారి వివరణ.

5. మొదటి పావుగంట, ఆ తర్వాత

గేట్‌లో 180 నిమిషాలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 10 ప్రశ్నలు, 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌వి. మొదటి ప్రశ్నే కొరకరాకపోతే మొండికేసి కూర్చోవద్దు. ఒక మార్కు ప్రశ్నల్లో చూడగానే వచ్చేవి ఐదారు వెతికి చేయండి. ఆకుపచ్చ గళ్లు కనబడితే చేతి వణుకు తగ్గుతుంది.

మొదటి విడతలో దాదాపు 100 నిమిషాలు. ఒక ప్రశ్న మీద మూడు నిమిషాలు గడిచినా దారి దొరక్కపోతే గుర్తు పెట్టి ముందుకు వెళ్లండి. రెండో విడతకు గంట. చివరి 20 నిమిషాలు యూనిట్లు, దశాంశ స్థానాలు, పట్టికలోని రంగులు సరిచూడటానికే.

6. బుర్ర ఖాళీ అయిపోతే

కంగారులో ఊపిరి వేగంగా పీలుస్తాం. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు జివ్వుమంటాయి. అది చూసి ఇంకా భయపడతాం. దీన్ని ఆపడానికి ఊపిరి బలంగా పీల్చడం తప్పు పద్ధతి, వదలడం నెమ్మది చేయాలి. నాలుగు లెక్కపెట్టేదాకా ముక్కుతో పీల్చి, ఏడెనిమిది లెక్కపెట్టేదాకా వదలండి. ఎనిమిదిసార్లు చేస్తే ఒకటిన్నర నిమిషం పడుతుంది. 180లో అది పెద్ద ఖర్చేమీ కాదు.

తర్వాత హాల్లో చిత్తు లెక్కలకు ఇచ్చే స్క్రిబుల్ ప్యాడ్ మీద, ప్రశ్నలో ఇచ్చిన విలువలను ఊరికే రాయండి. ఇచ్చింది ఏమిటి, అడిగింది ఏమిటి, అంతే. చేయి కదిలితే ఫార్ములా చాలాసార్లు వెనకే వస్తుంది. రాలేదా, వేరే అధ్యాయపు ప్రశ్నకు వెళ్లండి.

7. కంప్యూటర్ ఆగిపోతే

తెర బిగుసుకుపోయినా, కరెంటు పోయినా మీరుగా ఏ మీటా నొక్కకండి. చేయెత్తి ఇన్విజిలేటర్‌ను పిలవండి. సేవ్ చేసిన జవాబులు సర్వర్‌లో ఉంటాయి, మరో కంప్యూటర్‌లో లాగిన్ చేసినా అక్కడి నుంచే కొనసాగుతుంది. మిగిలిన సమయం ఎంత చూపిస్తోందో అరగంటకోసారి ప్యాడ్ మీద రాసుకునే అలవాటుంటే, తిరిగి మొదలైనప్పుడు లెక్క సరిపోయిందో లేదో వెంటనే తెలుస్తుంది. తేడా ఉంటే పరీక్ష ముగిసేదాకా ఆగకుండా అప్పుడే చెప్పండి. మౌస్ సరిగా పనిచేయకపోయినా అంతే. మొహమాటపడి మూడు గంటలు దానితోనే నెట్టుకొచ్చేవాళ్లున్నారు.

8. తెలియనివి గుడ్డిగా కొట్టవచ్చా?

గేట్‌లో నాలుగు ఆప్షన్లు, ఒకటే జవాబు ఉండే ప్రశ్న తప్పయితే మూడో వంతు కోత: ఒక మార్కుకు 1/3, రెండు మార్కులకు 2/3. ఏమీ తెలియకుండా కొడితే సగటున లాభం, నష్టం రెండూ సున్నా. ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తేల్చగలిగితే లెక్క మీవైపు కాస్త మొగ్గుతుంది, రెండు తీసేయగలిగితే ధైర్యంగా పెట్టవచ్చు. ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలకు, అంకెలు నింపే ప్రశ్నలకు కోత లేదు. అవి ఖాళీగా వదలడం దండగ. ఏపీ ఐసెట్, పీజీసెట్లలో అసలు నెగెటివ్ మార్కులే లేవు. ఐసెట్‌లో 150 నిమిషాలకు 200 బిట్లు, అంటే బిట్టుకు 45 సెకన్లే. కాబట్టి చివరి ఐదు నిమిషాలు మిగిలిన బిట్లన్నీ నింపడానికే ఉంచుకోండి.

9. బయటికి వచ్చాక

రెండు పేపర్లు రాసేవారు మొదటిదాని జవాబుల గురించి గేటు బయట ఎవరితోనూ మాట్లాడవద్దు. ఫోన్‌లో వాట్సాప్ గ్రూపు తెరవకపోవడం ఇంకా మంచిది. హాల్లో ఏదైనా సాంకేతిక ఇబ్బంది జరిగి ఉంటే ల్యాబ్ నంబరు, కంప్యూటర్ నంబరు, ఎన్ని నిమిషాలు పోయాయో ఆ రోజే రాసుకుని పరీక్ష నిర్వాహకులకు మెయిల్ చేయండి. కొన్ని రోజుల తర్వాత మీ రెస్పాన్స్ షీటు (మీరు పెట్టిన జవాబుల పత్రం), ప్రాథమిక కీ (సరైన జవాబుల తొలి జాబితా) వస్తాయి. కీలో తప్పుందని ఆధారం చూపించగలిగితే, గడువు లోపల ప్రశ్నకు ఇంత అని రుసుము కట్టి అభ్యంతరం పంపవచ్చు. పాఠ్యపుస్తకంలోని పేజీని జత చేయండి.