నిక్ ట్రాన్స్‌లేషన్ పద్ధతిలో ఫిష్ ప్రోబ్ తయారీ

ఫిష్ పరీక్షలో (రంగు తగిలించిన డీఎన్ఏ ముక్కలతో క్రోమోజోమ్ మీద ఒక నిర్దిష్ట చోటును గుర్తించే పరీక్ష) క్రోమోజోమ్ మీద చుక్క స్పష్టంగా మెరవాలంటే మంచి రంగు ఒక్కటే చాలదు, ప్రోబ్ (ఆ రంగు డీఎన్ఏ) ముక్కలు 200 నుంచి 500 బేస్‌ల పొడవులో ఉండాలి. అంతకన్నా పొడవైనవి కణంలోకి సరిగా చొరబడక స్లైడ్ నిండా మచ్చలుగా మిగులుతాయి. మరీ పొట్టివి గట్టిగా అతుక్కోవు.

శుద్ధి చేసిన బ్యాక్ క్లోన్ (బ్యాక్టీరియాలో పెంచిన, మనకు కావలసిన మానవ డీఎన్ఏ ముక్క) డీఎన్ఏ ఒక మైక్రోగ్రాము తీసుకుని, 50 మైక్రోలీటర్ల మిశ్రమాన్ని ఐస్ మీద కలపాలి. ఇందులో డీఎన్ఏస్-1 పోగుల మీద అక్కడక్కడ గాట్లు పెడుతుంది, డీఎన్ఏ పాలిమరేజ్-1 ఆ గాటు దగ్గర పాత న్యూక్లియోటైడ్లను తొలగిస్తూ వాటి చోట కొత్తవి చేరుస్తుంది. పాతవాటిని తొలగించే ఈ శక్తి క్లెనో ఎంజైమ్‌కు (డీఎన్ఏ పాలిమరేజ్-1లోని ఒక భాగం) లేదు కాబట్టి దాన్ని బదులుగా వాడకూడదు. కొత్తగా చేర్చే న్యూక్లియోటైడ్లలో ఒకటైన డీటీటీపీలో కొంత భాగానికి బదులుగా మాత్రమే రంగు తగిలించిన డీయూటీపీని వేయాలి. మొత్తం మార్చేస్తే పెద్ద రంగు అణువులు అడ్డుపడి పాలిమరేజ్ మందగిస్తుంది.

మిశ్రమాన్ని వెలుతురు తగలకుండా 15 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు రెండు గంటలు ఉంచాలి. గడియారాన్ని నమ్మి ఇక్కడే ఆపేయడం సాధారణంగా జరిగే పొరపాటు. ట్యూబును ఐస్‌లో పెట్టి, కొద్ది మైక్రోలీటర్లను 95 డిగ్రీల వద్ద మూడు నిమిషాలు వేడిచేసి, వెంటనే చల్లార్చి, అగరోస్ జెల్‌లో నడిపి చూడాలి. వేడిచేయకపోతే గాట్లు పడిన పోగులు జంటగానే ఉండిపోయి, ముక్కలు ఉన్నదానికన్నా పొడవుగా కనిపిస్తాయి. జెల్ మీద పొగచారలాంటి మసక 500 కంటే పైన ఉంటే ట్యూబును తిరిగి 15 డిగ్రీలకు చేర్చాలి. సరిపోయిందనిపిస్తే ఈడీటీఏ (ఎంజైమ్‌లకు అవసరమైన మెగ్నీషియంను పట్టేసే రసాయనం) కలిపి, 65 డిగ్రీల వద్ద పది నిమిషాలు ఉంచితే చర్య ఆగుతుంది.

తరువాత కాట్-1 డీఎన్ఏ (జీనోమ్‌లో మళ్లీ మళ్లీ వచ్చే వరుసలు ఎక్కువగా ఉన్న డీఎన్ఏ), సాల్మన్ స్పెర్మ్ డీఎన్ఏ, సోడియం అసిటేట్ చేర్చి, మిశ్రమానికి రెండున్నర రెట్ల పరిమాణంలో చల్లని ఇథనాల్‌తో అవక్షేపించాలి. కాట్-1ను పొదుపు చేయడం దండగ. అది తగ్గితే పునరావృత వరుసలకు ప్రోబ్ అంటుకుని క్రోమోజోములన్నీ మెరుస్తాయి. సెంట్రిఫ్యూజ్ తరువాత, సై-3 అనే రంగు వాడినట్లయితే, ట్యూబు అడుగున లేత గులాబీ చుక్క కనిపించడం మంచి సూచన. దాన్ని ఆరబెట్టి, 50 శాతం ఫార్మమైడ్, 10 శాతం డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ ఉన్న బఫర్‌లో కరిగించి, మైనస్ 20 డిగ్రీల వద్ద చీకటిలో దాచాలి.

రోగి స్లైడ్ మీద వేసే ముందు, ఆరోగ్యవంతుల లింఫోసైట్ (ఒక రకం తెల్ల రక్తకణం) మెటాఫేజ్‌ల (కణ విభజనలో క్రోమోజోములు విడివిడిగా కనిపించే దశ) మీద పరీక్షించాలి. క్రోమోజోమ్ జంటలో రెండింటి మీదా అనుకున్న చోట చుక్కలు రావాలి. మరోచోట కూడా స్థిరంగా కనిపిస్తే లేబులింగ్‌ను కాక, ముందుగా క్లోన్‌ను అనుమానించాలి.