హైదరాబాద్‌లో ఒక కుటుంబానికి నెల సరుకులు ఇప్పించాలంటే

ముందుగా బియ్యం సంగతి. సాయం చేద్దామనుకున్న ప్రతివాళ్లూ మొదట కొనేది 25 కిలోల బియ్యం బస్తానే. కానీ 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో ఆహార భద్రత కార్డున్న ఇంట్లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి. నలుగురుంటే 24 కిలోలు. అంత్యోదయ కార్డుకైతే 35 కిలోలు. ఆ ఇంటికి మీ బస్తా రెండో బస్తా. సగం అమ్మేసి పప్పు, నూనె కొనుక్కుంటారు, అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. మనం ముందే పప్పు, నూనె ఇస్తే సరిపోయేది.

కార్డు లేని ఇంటికి మాత్రం బియ్యమే ముందు. అయితే నెలనెలా కొనివ్వడంతో పాటు మీ సేవలో కార్డుకు దరఖాస్తు పెట్టించండి. పాలమూరు నుంచో నల్లగొండ నుంచో వచ్చినవాళ్లకు ఊళ్లో కార్డుండి, ఇక్కడ బియ్యం రావనుకుంటూ ఉంటారు. తెలంగాణ కార్డుపై నగరంలో ఏ రేషన్ షాపులోనైనా తీసుకోవచ్చు. ముసలివాళ్లకు, ఇటుకలు మోసేవాళ్లకు వేలిముద్ర పడకపోతే కనుపాపతో చేయమని డీలర్‌ని అడగాలి. ఈ ఒక్క పనితో ఆ ఇంటికి ఏడాదికి మీరు కొనగలిగిన దానికంటే ఎక్కువ బియ్యం చేరొచ్చు.

ఇక కిట్టు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల ప్రకారం 2,000 కేలరీల భోజనంలో రోజుకు పప్పులు 85 గ్రాములు, నూనె 27 గ్రాములు ఉండాలి. నలుగురికి నెలకు లెక్కేస్తే పప్పులు పది కిలోలు, నూనె మూడుంపావు కిలోలు. అన్ని పప్పులు ఇవ్వడం కుదరదు కాబట్టి సగం దాకా అందుకుని, మిగతాది పల్లీలు, గుడ్లతో పూడ్చుకోవాలి. నలుగురున్న ఇంటికి సరిపడే కిట్టు ఇలా ఉంటుంది:

కందిపప్పు 3 కిలోలు, పెసరపప్పు 1 కిలో, శనగలు 1 కిలో, పల్లీలు 1 కిలో
మంచినూనె 3 లీటర్లు
ఉప్మారవ్వ 1 కిలో, చక్కెర 2 కిలోలు, చాయ్‌పత్తి పావుకిలో
చింతపండు అరకిలో, కారం పావుకిలో, పసుపు 100 గ్రాములు, ఉప్పు 1 కిలో
జీలకర్ర, ఆవాలు 100 గ్రాముల చొప్పున
ఒంటిసబ్బులు 3, బట్టల సబ్బులు 3

రేట్లను బట్టి 1,700 నుంచి 2,100 రూపాయల దాకా అవుతుంది. సబ్బులు తిండి కాదు కదా అని తీసేయకండి, లేకపోతే అవి కొనడానికి కూరగాయల డబ్బే తీస్తారు. 30 గుడ్ల ట్రే కిట్టులో పెట్టి పంపితే దారిలో పగులుతాయి. వారానికి ఏడెనిమిది చొప్పున పక్క దుకాణంలో తీసుకునేలా ముందే డబ్బు కట్టండి.

ఇంటిని అడగకుండా ఈ జాబితా ఖాయం చేయొద్దు. పాతబస్తీలో చాలా ఇళ్లలో మైసూర్ పప్పు కావాలంటారు, గోధుమపిండి కూడా. పాలమూరు వాళ్లు రవ్వ బదులు జొన్నపిండి అడగొచ్చు. షుగరున్న మనిషి ఉంటే చక్కెర ఒక కిలో తగ్గించి శనగలు పెంచండి. గ్యాస్ కూడా అడగాలి. ఐదు కిలోల చిన్న సిలిండర్‌తో నెట్టుకొచ్చే ఇంట్లో గంటసేపు ఉడికే శనగల కంటే పెసరపప్పే నయం. పొయ్యే లేకుండా ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్లకు ఈ కిట్టు పనికిరాదు. వాళ్లకు వండిన అన్నం కావాలి, అది వేరే పని.

కొనేటప్పుడు రెండుచోట్ల మోసపోతారు. మొదటిది నూనె ప్యాకెట్. చూడ్డానికి అన్నీ లీటరువే, అట్ట మీద చిన్న అక్షరాల్లో చదివితే కొన్ని 910 గ్రాములు, కొన్ని 850, కొన్ని ఇంకా తక్కువ. గ్రాముల మీద రేటు చూసుకోండి. రెండోది విడి కందిపప్పు. మరీ చౌకగా ఇస్తుంటే గుప్పెడు అరచేతిలో పోసి చూడండి. కందిబద్ద ఒకవైపు గుండ్రంగా ఉంటుంది. కోణాలు తేలి, చీలికలా ఏటవాలుగా కనిపించే గింజలుంటే కేసరి పప్పు కలిసిందన్నమాట. దాన్ని నెలల తరబడి ఎక్కువగా తింటే కాళ్లు పడిపోవచ్చు. పోషకాహారమని ఇచ్చి రోగం అంటగట్టొద్దు.

పది కిట్ల లోపైతే ఆ బస్తీ కిరాణాలోనే కొనండి. అంతకు మించితే బేగంబజార్, ఉస్మాన్‌గంజ్, మలక్‌పేట గంజ్ వెళ్తే మిగులుతుంది. కానీ ఆటో కిరాయి, కూలీ, తూకం వేసి కట్టే శ్రమ కలిపి లెక్కేసుకోండి. వానాకాలంలో రెండు నెలల సరుకు ఒకేసారి తెచ్చిపెట్టొద్దు. రవ్వకూ పిండికీ పురుగు పడుతుంది, పడ్డాక పడేయడమే. మొదటి నెల కిట్టుతో పాటు మూతలు గట్టిగా పట్టే డబ్బాలు రెండు ఇవ్వండి. ఒంటిగది రేకుల ఇళ్లలో ఎలుకలు తినిపోయేది తక్కువేం కాదు.

కట్టిన కిట్టు కంటే చిట్టీ పద్ధతే మేలనిపిస్తుంది. కిరాణా ఆయనకు మీరు నెలనెలా ఫోన్‌లో డబ్బు పంపుతారు, ఆ ఇల్లాలు చిట్టీ చూపించి తనకు కావలసినప్పుడు సరుకు తీసుకుంటుంది. గౌరవంగా ఉంటుంది, మోయక్కర్లేదు. చెడేది ఎక్కడంటే పాత ఉద్దెర దగ్గర. ఆ ఇంటి బాకీ ఆ దుకాణంలోనే ఉంటుంది, మీ డబ్బు రాగానే ఆయన అందులో జమ వేసుకుంటాడు. కాబట్టి మొదటిరోజే ఆయన ఎదుట మాట్లాడండి: ఈ డబ్బు పాత బాకీకి కాదు, నగదు తిరిగివ్వొద్దు, బీడీలు, గుట్కా ఇందులో రాయొద్దు. చిట్టీ మీద వస్తువు, కిలోలు రాయండి, రూపాయలు మాత్రమే రాస్తే ధర పెంచి బరువు తగ్గిస్తారు. బిల్లు ఫొటో కిరాణా ఆయన పంపాలి. పదిహేను రోజులకోసారి ఆవిడను "అక్కా, పప్పు ఏ రకం ఇచ్చిండు?" అని మామూలుగా అడిగితే చాలు, తేడా బయటపడుతుంది.

కుటుంబాన్ని ఎంచుకోవడానికి గల్లీ లీడరు ఇచ్చే లిస్టు మీద ఆధారపడొద్దు. అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, సర్కారు బడి హెడ్‌మాస్టర్, బస్తీ దవాఖానా నర్సు, వీళ్లలో ఇద్దరు వేర్వేరుగా అదే ఇంటి పేరు చెబితే అది నిజమైన అవసరం. తర్వాత ఇంటికెళ్లి ఎంతమంది తింటారో, కార్డుందో లేదో, సంపాదించేది ఎవరో, మందులకెంత పోతోందో కనుక్కోండి.

ఎవరి పేరూ తట్టకపోతే క్షయ రోగులకు ఇవ్వండి. కేంద్రం 2022 సెప్టెంబర్‌లో మొదలుపెట్టిన నిక్షయ్ మిత్ర కింద ఎవరైనా ఒక రోగికి కనీసం 6 నెలలు ఆహార కిట్టు ఇవ్వొచ్చు. నిక్షయ్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే, సాయం తీసుకోవడానికి ఒప్పుకున్న రోగులను టీబీ విభాగం చూపిస్తుంది. పెద్దవాళ్లకు నెలకు సూచించిన కిట్టు: బియ్యం లేదా చిరుధాన్యాలు 3 కిలోలు, పప్పులు కిలోన్నర, నూనె పావుకిలో, పాలపొడి కిలో లేదా పాలు 6 లీటర్లు లేదా పల్లీలు కిలో. కుదిరితే 30 గుడ్లు. వైద్యం నడిచేటప్పుడు రోగికి నెలకు 1,000 రూపాయలు ప్రభుత్వం నుంచి ఖాతాలో పడతాయి, అది పడుతోందో లేదో కూడా అడగండి.

ఎప్పుడివ్వాలి? రంజాన్‌లో, దసరాకు ఒకే గడపకు మూడు కిట్లు వస్తాయి, పండుగ దాటాక ఒక్కటీ రాదు. అసలు ఇబ్బంది జూన్‌లో. 12న బళ్లు తెరుస్తారు, నోటు పుస్తకాలు, బూట్లు, ఆటో డబ్బులన్నీ ఒకేసారి మీదపడతాయి. ఆ వెంటనే వానలు, అడ్డా మీద పని దొరకదు. ఏడాదంతా ఇచ్చే స్తోమత లేకపోతే జూన్ నుంచి నవంబర్ వరకు ఆరు నెలలు పెట్టుకోండి. నెలలో రెండో వారం మంచిది. అప్పటికి కిరాయి కట్టేసి చేతిలో పైసల్లేకుండా ఉంటారు. తేదీ ఏదైనా మార్చొద్దు, వాళ్లు ఆ రోజును నమ్ముకుని అప్పు తీసుకోకుండా ఆగుతారు.

ఇచ్చేది సాయంత్రం ఏడు తర్వాత, ఇంటి దగ్గర. పగలు పిలిచి వరుసలో నిలబెడితే ఆ రోజు కూలీ పోయినట్టే. ఫొటోలు వద్దు. దాతలకు లెక్క చూపించాలంటే బిల్లూ, సరుకుల ఫొటో సరిపోతాయి, బడికెళ్లే పిల్లల మొహం అక్కర్లేదు.

పన్ను మినహాయింపు కోసం చూసేవాళ్లకు ఒక మాట: సరుకుల రూపంలో ఇచ్చినదానికి మినహాయింపు రాదు, నేరుగా కుటుంబానికి ఇచ్చినదానికీ రాదు. నమోదైన సంస్థకు బ్యాంకు ద్వారా ఇవ్వాలి. 2,000 దాటిన నగదుకు చెల్లదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలే లేదు.

ఆపేయాల్సి వస్తే రెండు నెలల ముందే ఇంటికీ కిరాణా ఆయనకూ చెప్పండి. చివరి నెల చిట్టీలో ఏమైనా మిగిలితే దాన్ని నూనెగా ఇప్పించేయండి, అదైతే పాడవకుండా ఇంకో నెలకు ఉంటుంది.