హాల్లోనే జాజ్ రికార్డింగ్: నాలుగు చానళ్లు చాలు

సినిమా పాటలా ఒక్కో వాద్యాన్నీ విడివిడిగా, క్లిక్ (చెవిలో టక్ టక్‌మని లయ కొట్టే శబ్దం) పెట్టి రికార్డు చేస్తే జాజ్‌లో ప్రాణం ఉండదు. శాక్సోఫోన్ ఎటు పోతోందో చూస్తూ డ్రమ్మర్ వాయించాలి, ఇద్దర్నీ వింటూ బేస్ నడవాలి. కాబట్టి శాక్స్, కీబోర్డు, బేస్ గిటార్, డ్రమ్స్ నలుగురూ ఒకే గదిలో, హెడ్‌ఫోన్లు లేకుండా, ఒకేసారి వాయించాలి. ఒకరి మైకులో ఇంకొకరి శబ్దం పడితే పడనివ్వండి. రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ 1950లలో బ్లూ నోట్ కంపెనీ జాజ్ రికార్డులు ఎన్నో న్యూజెర్సీలో తన అమ్మానాన్నల ఇంటి ముందుగదిలోనే చేశాడు.

నాలుగు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుల్ని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె), ఒకే మోడల్ చిన్న కండెన్సర్ మైకులు (కరెంటు అందితేనే పనిచేసే సున్నితమైన రకం) రెండు, ఎస్‌ఎం57 లాంటి డైనమిక్ మైకు (కరెంటు అక్కర్లేని రకం) ఒకటి, లాప్‌టాప్ ఉంటే సరిపోతుంది. రికార్డింగ్ సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకోండి. కండెన్సర్లకి ఇంటర్‌ఫేస్ నుంచి అందే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆన్ చెయ్యడం మరవకండి. ఎవరూ హెడ్‌ఫోన్లో వినడం లేదు కనక బఫర్ (లాప్‌టాప్ ఒక్కో విడత పట్టుకునే శబ్దపు ముక్క) 512 పెట్టి శబ్దం కాస్త ఆలస్యమైనా నష్టం లేదు, లాప్‌టాప్‌కీ హాయి.

విశాఖ అపార్ట్‌మెంట్ హాలంటే నేలంతా టైల్స్, నాలుగు వైపులా నున్నటి గోడలు. చప్పట్లు కొట్టి చూడండి. వెనకాలే టిరటిరమని మోగితే ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతాట ఆడుతున్నట్టే. డ్రమ్స్ కింద మందపాటి కార్పెట్ పరవండి. బట్టలారేసే స్టాండ్ల మీద బొంతలు మడతపెట్టి వేసి, గోడకి జానెడు ఎడంగా నిలబెట్టండి. పల్చటి దుప్పట్లు వద్దు: అవి సింబల్స్ (డ్రమ్స్‌లోని కంచు పళ్లేలు) మెరుపుని మింగేస్తాయి తప్ప కింది స్థాయి రొదని ముట్టుకోవు.

ఫ్యాన్, ఏసీ రెండూ ఆపాలి. ఉక్కపోత తప్పదు, పైగా గది వేడెక్కే కొద్దీ శాక్స్ శ్రుతి పైకి జరుగుతుంది, కీబోర్డు జరగదు. అందుకే ప్రతి టేకుకీ ముందు శ్రుతి సరిచూసుకోవాలి. బేస్ గిటార్లో జుమ్మనే శబ్దం వస్తే చార్జర్ పీకేసి లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపండి. ఎన్‌ఏడీ, గాజువాక వైపు ఇళ్లలో విమానం మోత తగులుతుంది. అది పోయేదాకా ఆగడమే, మిక్సింగ్‌లో (తర్వాత ట్రాకుల్ని కలిపేటప్పుడు) తీసెయ్యడం కుదరదు.

ఇక అసలు పని. అందరూ అర్ధచంద్రాకారంలో కూర్చోవాలి: లోపల మధ్యలో డ్రమ్స్, ఒక పక్క బేస్ గిటార్ స్పీకర్, అంటే ఆంప్ (మూలకి తోయకుండా స్టూలు మీద), ఇంకో పక్క కీబోర్డు స్పీకర్. డ్రమ్స్‌కి ఏడడుగుల ముందు, ఆరడుగుల ఎత్తున కండెన్సర్ల జంట: రెండింటి కొసల మధ్య 17 సెంటీమీటర్లు, ఎడమకీ కుడికీ విచ్చుకున్నట్టు కోణం 110 డిగ్రీలు. మూడో చానల్ శాక్స్‌ది. డైనమిక్ మైకుని అడుగున్నర దూరంలో, రెండు చేతుల మధ్యనున్న కీల వైపు తిప్పండి. శాక్స్ గొట్టం నోట్లోకి గురిపెడితే కింది స్వరాలే గయ్యిమంటాయి. ఆ మైకు వీపు డ్రమ్స్ వైపు ఉండాలి, ఎందుకంటే ఇలాంటి కార్డియాయిడ్ (ముందు వైపే బాగా వినే) మైకు వెనక నుంచి తక్కువ వింటుంది. నాలుగో చానల్ బేస్ గిటార్ నుంచి నేరుగా ఇంటర్‌ఫేస్ ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లోకి.

ఇప్పుడు ఫేడర్లు (శబ్దం పెంచి తగ్గించే మీటలు) ముట్టుకోకండి. జంట మైకులున్న చోట చెవి పెట్టి వినండి. రైడ్ సింబల్ (లయ నడిపే పెద్ద పళ్లెం) అందర్నీ మింగేస్తుంటే డ్రమ్స్‌ని అడుగు వెనక్కి జరపండి, లేదా కర్రలు పక్కన పెట్టి బ్రష్‌లు ఇవ్వండి. కీబోర్డు వినపడకపోతే స్పీకర్ని ముందుకి లాగండి. దీనికి గంట పట్టినా పట్టనివ్వండి. ఇక్కడ కుదరని తూకం తర్వాత ఏ ప్లగిన్ సాఫ్ట్‌వేర్‌తోనూ కుదరదు.

లెవెల్ చూసేటప్పుడు అన్నిటికన్నా గట్టిగా వాయించే భాగం వాయించమనండి, మీటరు -12 డెసిబెల్స్ దాటకుండా చూడండి. టెస్టులో మర్యాదగా కొట్టిన డ్రమ్మర్ టేకులో రెచ్చిపోవడం మామూలే.

మిక్సింగ్‌లో ముందు జంట మైకుల ట్రాకులే వినండి. ఆంప్ వాటికి రెండున్నర మీటర్ల దూరంలో ఉంటే, దాని శబ్దం నేరుగా వచ్చిన బేస్ కన్నా దాదాపు 7 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. బేస్ ట్రాకుని కూడా అంతే ఆలస్యమయ్యేలా జరపకపోతే బేస్ బోలుగా వినిపిస్తుంది. శాక్స్ ట్రాకుని అది తెలిసే దాకా పెంచి, ఓ 2 డెసిబెల్స్ తగ్గించండి.

సముద్రపు తేమకి కండెన్సర్లు చిటపటమంటాయి. పని అయ్యాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మార్చేయండి.