కంపోస్ట్‌లో టీ బ్యాగులు మట్టిలో కలవడం లేదా? తొడుగును ఒకసారి లాగి చూడండి

ఎనిమిది నెలలు ఆగి కంపోస్ట్ డబ్బా తెరిచాను. ఎరువు నల్లగా, పొడిపొడిగా, వానకు తడిసిన మట్టి వాసనతో చక్కగా తయారైంది. తీరా జల్లెడ పట్టేసరికి పైన గుప్పెడు టీ బ్యాగులు మిగిలాయి. ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి చూశాను. లోపలి ఆకు ఎప్పుడో మట్టయిపోయింది. తొడుగు మాత్రం సాలెగూడులా పల్చబడి, అంచులు చెక్కు చెదరకుండా అలాగే ఉంది. రెండు కొసలూ పట్టుకుని లాగితే కాస్త సాగింది. నానిన కాగితం సాగదు, పిగిలిపోతుంది. ఇన్ని నెలలూ రోజూ నా చేత్తోనే మట్టిలో ప్లాస్టిక్ కలుపుతున్నానని అప్పుడు అర్థమై చాలా బాధేసింది.

మీ డబ్బాలోనూ బ్యాగులు మిగిలిపోతుంటే ముందు ఒకటి చింపి లోపల చూడండి. సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

లోపలి ఆకు కూడా కుళ్ళలేదు, బ్యాగు మొత్తం ఎండిన ఉండలా ఉంది

ఇది ప్లాస్టిక్ వల్లే అనుకోనక్కర్లేదు. తడి చాలక కూడా ఇలా అవుతుంది. గట్టిగా పిండిన స్పాంజిలో ఉండేంత తడి కంపోస్ట్‌లో ఉండాలి. బ్యాగులన్నీ ఒకేచోట కుప్పగా పడితే లోపలికి గాలీ, సూక్ష్మజీవులూ సరిగ్గా చేరవు. నీళ్ళు చిలకరించి, బ్యాగులు చింపి, అంతా కలిపి, ఇంకో రెండు నెలలు చూడండి. ఆ తర్వాత కూడా తొడుగు మిగిలితే కిందిది చదవండి.

ఆకు మట్టయింది, కాగితం బ్యాగు మాత్రం తెల్లటి వలలా మిగిలింది

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. టీ బ్యాగు కాగితాన్ని చెక్క గుజ్జుతోనూ, అబాకా అనే అరటి జాతి మొక్క నారతోనూ చేస్తారు. ఆ రెండిట్లోనూ ఉండే సెల్యులోజ్ వేడికి కాలుతుందే తప్ప కరగదు. కరగనిదాన్ని వేడితో నొక్కి అతికించడం కుదరదు. అందుకే చాలా కంపెనీలు కాగితంలోనే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులు కలుపుతాయి. మిషన్ అంచులను వేడిగా నొక్కగానే ఆ పోగులు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పాలీప్రొపిలీన్ కరగాలంటే దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అందుకే మరిగే నీళ్ళలో వేసినా బ్యాగు విడిపోదు.

కంపోస్ట్‌లో సూక్ష్మజీవులు కాగితం వంతు తినేస్తాయి, ప్లాస్టిక్ పోగులను వదిలేస్తాయి. జల్లెడ మీద మిగిలే వల అదే. ఇంకో ఏడాది ఆగినా అది మట్టి కాదు. ముక్కలై, కంటికి ఆనకుండా పోతుంది, అంతే. నా దృష్టిలో అలా కనిపించకుండా పోవడమే ఎక్కువ ప్రమాదం, ఆ తర్వాత ఏరి తీయడం ఎవరి తరమూ కాదు.

అందుకని తొడుగు ఒక్క ముక్కగా ఉన్నప్పుడే తీసేయండి. ఎరువును ఒక పూట నీడలో ఆరబెడితే మట్టి రాలిపోయి తొడుగులు జల్లెడ మీద శుభ్రంగా తేలతాయి. పారతో నరకొద్దు, చేత్తో నలపొద్దు. ఇక మీదట బ్యాగు చల్లారాక అంచు చింపి, ఆకును కంపోస్ట్‌లో, తొడుగును చెత్తబుట్టలో వేయండి. పది సెకన్ల పని. వంటగదిలో ఒక చిన్న గిన్నె పెట్టుకుని రోజు బ్యాగులన్నీ సాయంత్రం ఒకేసారి చింపితే ఇంకా సులువు.

మెరిసే పిరమిడ్ బ్యాగు, వేసినది వేసినట్టే ఉంది

పట్టులా మెరుస్తూ లోపలి ఆకు కనిపించే బ్యాగు నైలాన్‌దో, పాలిస్టర్‌దో, లేదంటే పీఎల్ఏ అనే మొక్కల నుంచి తీసిన ప్లాస్టిక్‌తో చేసినదో అయి ఉంటుంది. మొదటి రెండూ అచ్చమైన ప్లాస్టిక్. వాటిని కంపోస్ట్ దరిదాపులకు రానివ్వకండి. 2019లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి బ్యాగులను 95 డిగ్రీల నీళ్ళలో ఉంచి, ఒక్కో బ్యాగు నుంచి దాదాపు 1,160 కోట్ల మైక్రోప్లాస్టిక్ రేణువులు, వాటికన్నా చిన్నవైన 310 కోట్ల నానోప్లాస్టిక్ రేణువులు విడుదలయ్యాయని ప్రకటించారు. ఆ లెక్క మరీ ఎక్కువగా ఉందని మరికొందరు నిపుణులు అభ్యంతరం చెప్పారు. అంకెల సంగతి ఎలా ఉన్నా, ఆ వల మట్టిలో కలవదన్నది మాత్రం మీ జల్లెడే చెబుతుంది.

టీ డబ్బా మీద ‘కంపోస్టబుల్’ (కంపోస్ట్‌లో కలిసిపోయేది) అనే ఉంది, అయినా మట్టిలో కలవలేదు

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే ఇక్కడ మోసపోయేది శ్రద్ధగా చదివి కొన్నవాళ్ళే.

పీఎల్ఏను మొక్కజొన్న, చెరకు లాంటి పంటల చక్కెరతో తయారుచేస్తారు. మొక్క నుంచి వచ్చిన మాట నిజమే. కానీ దాని అణువుల పొడవాటి గొలుసులు తెగాలంటే వేడి కావాలి. అది మెత్తబడేదే దాదాపు 60 డిగ్రీల దగ్గర. ‘కంపోస్టబుల్’ ముద్రకు ఆధారమైన ఐరోపా ప్రమాణం ఈఎన్ 13432, అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డీ6400 పెద్ద కంపోస్ట్ ప్లాంట్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. పరీక్షలు దాదాపు 58 డిగ్రీల దగ్గర చేస్తారు. ఇంటి కంపోస్ట్ కుప్ప పెద్దదైతే మధ్యలో కొన్నాళ్ళు ఆ వేడి వస్తుందేమో గానీ, వారాల తరబడి నిలవదు. చిన్న డబ్బాలో అసలు రాదు. పీఎల్ఏ బ్యాగు అందులో ఏళ్ళ తరబడి ఉండిపోగలదు.

కాబట్టి ‘ఇంటి కంపోస్ట్’ అని విడిగా రాసి ఉందేమో వెతకండి. ‘ఓకే కంపోస్ట్ హోమ్’ ముద్ర, ఆస్ట్రేలియా ప్రమాణం ఏఎస్ 5810, ఫ్రాన్స్ ప్రమాణం ఎన్ఎఫ్ టీ51-800, వీటిలో ఏదో ఒకటి ఉంటే 20 నుంచి 30 డిగ్రీల దగ్గర పరీక్ష నెగ్గినట్టు. ఉత్త ‘బయోడిగ్రేడబుల్’ అన్న మాటను నమ్ముకోవద్దు. ఎంత వేడిలో, ఎంత కాలానికి అన్నది అందులో లేదు. పీఎల్ఏ బ్యాగులను తీసుకునే కంపోస్ట్ ప్లాంట్ అందుబాటులో ఉంటే అక్కడికి పంపండి, లేకపోతే చెత్తలోకే.

ఏ రకమో తెలియడం లేదు

అంచు చూడండి. మడిచి పిన్ను కొట్టినా, దారంతో ముడి వేసినా, వేడి అతుకు లేనట్టే, ప్లాస్టిక్ ఉండే అవకాశం తక్కువ. చుట్టూ గీతలు గీతలుగా నొక్కిన అంచు ఉంటే అనుమానించండి. ఖాళీ తొడుగును రాత్రంతా నానబెట్టి లాగండి. సాగితే, పోగులు పోగులుగా వేలాడితే అందులో ప్లాస్టిక్ ఉంది. ఎండిన తొడుగు ముక్కను పటకారుతో పట్టి, సింకు మీద, కిటికీ తెరిచి కాల్చి చూడొచ్చు. కాగితం బూడిదవుతుంది, ప్లాస్టిక్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. పీఎల్ఏ కూడా పూసే కడుతుంది కాబట్టి అదా, నైలానా అన్నది ఈ పరీక్షతో తేలదు.

ఆకు విడిగా వేస్తున్నాక వాసన, చిన్న ఈగలు

తడి టీ ఆకులో నత్రజని ఎక్కువ, ముద్ద కడితే లోపలికి గాలి ఆడదు. వేసిన ప్రతిసారీ దానికి రెండు మూడింతలు ఎండుటాకులు గానీ, చింపిన అట్టముక్కలు గానీ కలిపి పైన కప్పండి. వారంలో వాసన పోతుంది.

పిన్ను తీసి పక్కన పెట్టండి. దారం నూలుదైతే కంపోస్ట్‌లో వేయొచ్చు, కాల్చినప్పుడు పూస కడితే అది పాలిస్టర్, వేయకండి. దారం చివర నునుపుగా మెరిసే చీటీకి ప్లాస్టిక్ పూత ఉండొచ్చు కాబట్టి దాన్నీ తుంచేయండి.